ఒకే పేషెంట్, మూడు బయాప్సీలు: కేన్సర్ కణం రకం మార్చుకున్న కేసు

నేను పాథాలజిస్ట్‌ని, గుంటూరులో. మా పని బయటవాళ్ళకి పెద్దగా తెలీదు, పేషెంట్ మమ్మల్ని చూడరు, మేమూ పేషెంట్‌ని చూడం, మా దగ్గరికి వచ్చేది ఫార్మలిన్ డబ్బాలో బియ్యపుగింజంత ముక్క, దాని మీద ఒక నెంబరు, ఒక చీటీ, అంతే. కానీ ఈ కేసులో ఒకే మనిషి ముక్క మూడేళ్ళలో మూడు సార్లు నా టేబుల్ మీదకి వచ్చింది, చివరిసారికి కణం రకమే మారిపోయి ఉంది, అందుకే మొత్తం రాస్తున్నా. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నా, గుర్తుపట్టేలాంటి వివరాలు కొన్ని మార్చాను.

ఆవిడకి అప్పుడు 54 ఏళ్ళు. సీజన్లో మిర్చి కోతలకి, మిగతా రోజుల్లో తొడిమలు తీసే పనికి వెళ్ళేది. బీడీ, చుట్ట, ఏదీ అలవాటు లేదు. 2021 ఆగస్టులో దగ్గు మొదలైంది, మిర్చి దగ్గర పని చేసేవాళ్ళకి దగ్గు రావడం ఏముంది, ఘాటు అనుకున్నారు ఇంట్లో. తగ్గకపోతే డాక్టర్‌కి చూపించారు, ఎక్స్‌రేలో మచ్చ ఉందని టీబీ మందులు మొదలుపెట్టారు, తెమడలో టీబీ క్రిమి ఎక్కడా కనపడకపోయినా సరే. రెండు నెలలు అలా పోయాయి. మన దగ్గర ఊపిరితిత్తుల కేన్సర్ కేసులు ఎన్నో ఈ దారిలోనే వస్తాయి, ఎవర్నీ తప్పుపట్టడానికి కాదు, టీబీ అంత ఎక్కువ ఉన్న దేశంలో ముందు టీబీయే గుర్తొస్తుంది. కానీ క్రిమి దొరక్కుండా, మందుకి మచ్చ తగ్గకుండా ఉంటే నెలకే ఆగి ఆలోచించాలి.

నవంబర్‌లో సీటీ తీస్తే కుడి ఊపిరితిత్తి పై భాగంలో 3.6 సెంటీమీటర్ల గడ్డ, పక్కన ఛాతీ పొరలో నీరు. గడ్డలోంచి ముక్క తీశారు, అది మొదటి బయాప్సీ. స్లైడ్ పెట్టగానే డౌట్ లేదు, అడినోకార్సినోమా, అంటే గ్రంథి కణాల్లోంచి పుట్టే కేన్సర్. కణాలు గుంపులుగా, చిన్న చిన్న గ్రంథుల్లా గుండ్రంగా కూర్చుని ఉన్నాయి, ఊపిరితిత్తి కణాన్ని గుర్తుపట్టడానికి వేసే రెండు స్టెయిన్లు, టీటీఎఫ్-1, నాప్సిన్-ఏ, రెండూ పాజిటివ్. నీటిలో కూడా అవే కణాలు, అంటే మొదటి రోజుకే స్టేజ్ 4. జీన్ టెస్టులో ఈజీఎఫ్‌ఆర్ ఎక్సాన్ 19 డిలీషన్ వచ్చింది, అంటే కణాన్ని పెరగమని చెప్పే ఈజీఎఫ్‌ఆర్ జీన్‌లో ఒక చిన్న ముక్క ఎగిరిపోయి, ఆ సిగ్నల్ ఆగకుండా నడుస్తోంది. మన దేశంలో ఊపిరితిత్తుల అడినోకార్సినోమా ఉన్నవాళ్ళలో అటూ ఇటూగా నలుగురిలో ఒకరికి ఈజీఎఫ్‌ఆర్ మార్పు దొరుకుతుంది, పొగ తాగని ఆడవాళ్ళలో ఇంకా ఎక్కువ. ఆంకాలజిస్ట్ ఆ సిగ్నల్‌ని మూసే జెఫిటినిబ్ 250 మిల్లీగ్రాములు రోజుకొక మాత్ర ఇచ్చారు. నెల తిరక్కుండా ఆయాసం తగ్గింది, మూడో నెలకి మళ్ళీ పనికి వెళ్ళిపోయిందని తర్వాత వాళ్ళ అబ్బాయి చెప్పాడు, వద్దంటే వినలేదంట.

13 నెలలు బాగానే గడిచింది. 2023 జనవరిలో నీరు మళ్ళీ చేరింది, ఛాతీ పొర మందంగా అయింది. పల్మనాలజిస్ట్ థొరకోస్కోపీ చేసి, అంటే ఛాతీలోకి కెమెరా గొట్టం పెట్టి చూసి, పొర ముక్క పంపారు, రెండో బయాప్సీ. నేను చూశాను, మళ్ళీ అడినోకార్సినోమానే, అలాగే రిపోర్ట్ రాసి పంపాను. టీ790ఎం మార్పు కూడా దొరికింది, జెఫిటినిబ్‌కి కణం లొంగకుండా చేసేది అదే, దానికి ఒసిమెర్టినిబ్ ఉంది కాబట్టి 80 మిల్లీగ్రాముల మాత్ర మొదలైంది, అందరం సంతోషపడ్డాం. కానీ ఆ స్లైడ్‌లో గడ్డ అంచు దగ్గర ఒకటి చూశాను. లోపలంతా కణాలు గుంపులుగా ఉన్నాయి, అంచుకి వచ్చేసరికి ఒకటి, రెండు, మూడు, విడివిడిగా, కొంచెం సాగి, కదురులా రెండు కొసలూ సన్నగా, పక్కనున్న పీచులోకి జారిపోతున్నట్టు ఉన్నాయి. చూశాను, చూసి ఊరుకున్నాను. రిపోర్ట్ ఫార్మాట్‌లో దానికి చోటు లేదు, అడిగినవాళ్ళూ లేరు. కనీసం కామెంట్‌లో ఒక లైన్ రాయాల్సింది, అది నా తప్పే.

ఆ అంచు సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే కేన్సర్ పాకడం అనే మాటకి అసలు అర్థం అక్కడే ఉంది.

మన చర్మం పై పొర, ఊపిరితిత్తుల గొట్టాల పొర, పేగు పొర, రొమ్ము నాళాల పొర, ఇవన్నీ ఎపిథీలియల్ కణాలు. వీటికి ఊరు విడిచి వెళ్ళే అలవాటు లేదు. పక్క కణాన్ని గట్టిగా పట్టుకుని, కింద ఒక పల్చటి పొర మీద కూర్చుని, తన పైభాగం ఏదో కింది భాగం ఏదో తెలిసి పని చేసుకుంటాయి. పక్కదాన్ని పట్టుకోవడానికి వాడే ముఖ్యమైన ప్రోటీన్ పేరు ఈ-కాడెరిన్. దానికి ఐహెచ్‌సీ స్టెయిన్ (ఒక ప్రోటీన్ ఎక్కడుందో రంగుతో చూపే పద్ధతి) వేస్తే ప్రతి కణం చుట్టూ గోధుమరంగు గీత వస్తుంది, తేనెపట్టు గదుల గోడల్లా, చాలా అందంగా ఉంటుంది నిజంగా. ఇక రెండో జాతి మెసెంకైమల్ కణాలు, వీటికి ఎవర్నీ పట్టుకునే పని లేదు, ఒంటరిగా, పీచులో పాక్కుంటూ తిరుగుతాయి, వీటి లోపల వైమెంటిన్ అనే పీచు ప్రోటీన్ ఉంటుంది. మొదటి జాతి కణం రెండో జాతి లక్షణాలు తెచ్చుకోవడాన్నే ఈఎంటీ అంటారు, ఎపిథీలియల్ నుంచి మెసెంకైమల్‌కి మారడం. 1982లో హార్వర్డ్‌లో ఎలిజబెత్ హే, ఆవిడ తోటి సైంటిస్టు గ్రీన్‌బర్గ్ కలిసి ఎపిథీలియల్ కణాల్ని కొలాజెన్ జెల్ లోపల పెట్టి చూస్తే అవి గుంపు విడిచి, సాగి, జెల్‌లో పాక్కుంటూ వెళ్ళిపోయాయి. అప్పటికి కేన్సర్ మాట కాదది, పిండం ఎలా తయారవుతుందన్న ప్రశ్న. పిండంలో ఇది లేకపోతే మనం లేం, వెన్ను దగ్గర పుట్టిన కణాలు ముఖం దాకా నడిచి వెళ్ళేది ఈ పద్ధతిలోనే. అంటే కేన్సర్ కొత్తగా ఏమీ కనిపెట్టలేదు, పుట్టకముందు వాడి మూసేసిన పాత అధ్యాయాన్ని మళ్ళీ తెరిచింది.

తెరిచేది స్నెయిల్, ట్విస్ట్, జెబ్1 లాంటి స్విచ్ ప్రోటీన్లు. టీజీఎఫ్-బీటా లాంటి సిగ్నల్ చుట్టుపక్కల ఎక్కువైనా, గడ్డ లోపల ఆక్సిజన్ తక్కువైనా ఇవి లేస్తాయి. స్నెయిల్ నేరుగా ఈ-కాడెరిన్ జీన్ మీద కూర్చుని దాన్ని ఆపేస్తుందని 2000లో స్పెయిన్ వాళ్ళు రెండు పేపర్లలో చూపించారు. ఇక్కడ జీన్ అక్షరాలు మారాల్సిన పని లేదు, ఏ జీన్ చదవాలి ఏది మూయాలి అన్నది మారితే చాలు, అందుకే కణం అటు వెళ్ళగలదు, మళ్ళీ వెనక్కీ రాగలదు. కొత్త చోట దిగాక చాలా కణాలు మళ్ళీ ఈ-కాడెరిన్ వేసుకుని గుంపు కడతాయి, లివర్‌లోనో ఎముకలోనో దొరికిన మచ్చలో మాకు మళ్ళీ గ్రంథుల్లాంటి ఆకారాలే కనపడేది అందుకే.

ఇదంతా తేలిపోయిన విషయమని మాత్రం అనుకోవద్దు. 2015లో నేచర్‌లో ఎలుకల మీద చేసిన రెండు స్టడీలు వచ్చాయి, ఈఎంటీ లేకుండా కూడా కేన్సర్ వేరే అవయవాలకి పాకుతోంది, కానీ మందుకి లొంగకపోవడానికి మాత్రం ఈఎంటీ కావాలి అని, ఒకటి రొమ్ము కేన్సర్‌లో, ఇంకోటి పాంక్రియాస్‌లో. పెద్ద గొడవే జరిగింది. అంతకుముందు 2014లో రక్తంలో తిరిగే కణాల గుంపుల మీద ఒక పేపర్, ఒంటరి కణం కన్నా గుంపుగా వెళ్ళేవి 23 నుంచి 50 రెట్లు ఎక్కువగా కొత్త చోట పాతుకుంటున్నాయని. అంటే పూర్తిగా చెయ్యి వదిలేసిన కణం కన్నా సగం వదిలి సగం పట్టుకున్న కణమే ప్రమాదం కావచ్చు. బెంగళూరు ఐఐఎస్సీలో మోహిత్ కుమార్ జాలీ టీమ్ పని చేస్తున్నది ఈ మధ్య స్థితి మీదే. నా స్లైడ్ అనుభవం కూడా అదే చెప్తుంది, అంచులో నాకు పూర్తి మెసెంకైమల్ కణం అరుదుగా కనపడుతుంది, ఎక్కువ చూసేది అటూ ఇటూ కాని వాటినే.

సరే, కేసుకి వస్తాను.

2024 మే. ఒసిమెర్టినిబ్ మొదలై 15 నెలలు. కుడి డొక్కలో నొప్పి, ఆకలి లేదు, మూడు వారాల్లో ఆరు కిలోలు తగ్గింది. సీటీలో విచిత్రం ఏంటంటే ఊపిరితిత్తిలో గడ్డ అలాగే ఉంది, కదల్లేదు, లివర్‌లో మాత్రం నిండా మచ్చలు, రెండు నెలల ముందు స్కాన్‌లో ఒక్కటి కూడా లేదు. కణాలు వేగంగా పెరిగి చస్తుంటే రక్తంలో ఎక్కే ఎల్‌డీహెచ్ నాలుగింతలు. అడినోకార్సినోమా తిరగబెట్టిన ప్రతిసారీ పెరుగుతూ వచ్చిన సీఈఏ అనే రక్త మార్కర్ ఈసారి పెరగలేదు, పైగా తగ్గింది. నాకు తెలిసి ఈ మూడూ ఒక్కచోట కనపడితే, అంటే ఒక చోట కంట్రోల్‌లో ఉండి ఇంకో చోట మంటలా లేవడం, ఎల్‌డీహెచ్ ఎగబాకడం, పాత మార్కర్ పడిపోవడం, వెంటనే ముక్క తీయమని అడగాలి.

కానీ ముక్క తీయలేదు. రక్తంతో చేసే లిక్విడ్ బయాప్సీ పంపారు, పాత ఎక్సాన్ 19 డిలీషన్ ఒక్కటే వచ్చింది, మందు మార్చడానికి పనికొచ్చేది ఏమీ రాలేదు. పాత బ్లాక్ మీద పెద్ద జీన్ పానెల్ చేయిద్దామని ఎవరో చెప్తే అబ్బాయి బ్లాకుల కోసం మా ల్యాబ్‌కి వచ్చాడు. బయట 44 డిగ్రీల ఎండ, బైక్ మీద వచ్చాడు, ఆ బ్లాక్ అంటే మైనపు దిమ్మలో పొదిగిన ముక్క, బండి ట్యాంక్ కవర్లో పెట్టుకుని పోతే మెత్తబడుతుంది, అది చెప్దామని నేనే బయటికి వచ్చాను. మాటల్లో అడిగాను, కొత్తగా లివర్ నుంచి ముక్క తీయించలేదా బాబూ అని.

"వద్దన్నారు మేడమ్ మా పెదనాన్న వాళ్ళు. సూది గుచ్చితే పాకుద్దంట గదా. మొదట సూది పెట్టాకే గదా ఇదంతా."

ఈ మాట నేను ఇరవై ఏళ్ళుగా వింటున్నా, చదువుకున్నవాళ్ళ నోట కూడా. ఎందుకు పుట్టిందో నాకు అర్థమవుతుంది, మన దగ్గర సూది పెట్టే రోజుకే జబ్బు ముదిరి ఉంటుంది, సూది పెట్టిన నెలకో రెండు నెలలకో మనిషి నీరసపడతారు, ఇంట్లోవాళ్ళ కళ్ళకి కనపడింది సూదే కాబట్టి నింద దానిమీద పడుతుంది. సూది దారిలో కణాలు పడటం అసలు లేదని నేను అనను, ఉంది, కానీ చాలా చాలా అరుదు. అతనికి కూర్చోబెట్టి చెప్పాను, మీ అమ్మగారికి సూది పెట్టకముందే ఛాతీ నీటిలో కణాలు ఉన్నాయి బాబూ, పాకడానికి వాటికి మన సూది అక్కర్లేదు, వాటంతటవే చెయ్యి వదిలించుకుని నడవడం నేర్చుకుంటాయి అని. ఇప్పుడు లివర్‌లో ఉన్నది పాత కణమేనో కాదో మనకి తెలీదు, పాత బ్లాక్‌లో ఎంత వెతికినా అప్పటి కణమే దొరుకుతుంది, ఇప్పటిది దొరకదు, రక్తం టెస్ట్ జీన్‌లో అక్షరాలు చెప్తుంది గానీ కణం మొహం చూపించదు అని కూడా చెప్పాను. అతను చాలాసేపు ఏమీ అనలేదు. నాలుగో రోజు లివర్ ముక్కలు వచ్చాయి, అల్ట్రాసౌండ్ చూస్తూ తీసినవి, నాలుగు దారప్పోగుల్లాంటివి.

ఇక్కడ నేను చేయబోయిన పొరపాటు చెప్పాలి. ముక్క బాగా నలిగి ఉంది, స్లైడ్‌లో సగం నీలం రంగు గీతలే. టీటీఎఫ్-1 వేస్తే గట్టిగా పాజిటివ్. మా పీజీ డ్రాఫ్ట్‌లో "పాత ఊపిరితిత్తుల అడినోకార్సినోమానే లివర్‌కి వచ్చింది" అని రాసింది. తెలిసిన కేసు, తెలిసిన పేషెంట్, టీటీఎఫ్-1 పాజిటివ్, నేనూ సంతకం పెట్టేసేదాన్నే. ఆపింది నాప్సిన్-ఏ. మొదటి రెండు బయాప్సీల్లో నిండుగా ఉన్నది ఇప్పుడు సున్నా. టీటీఎఫ్-1 అడినోకార్సినోమాలో వస్తుంది, స్మాల్ సెల్ కార్సినోమా అనే వేరే రకం, చాలా వేగంగా పెరిగే ఊపిరితిత్తుల కేన్సర్‌లో కూడా వస్తుంది, దాన్ని పట్టుకుని ఇది అదే అనడానికి లేదు, పీజీలకి నేను రోజూ చెప్పే మాటే ఇది, అయినా నా చెయ్యే పెన్ను దగ్గరికి వెళ్ళింది.

మళ్ళీ మొదట్నుంచీ చూశాను. నలగని చోట వెతికి ఎక్కువ పవర్‌లో పెడితే చిన్న కణాలు, సైటోప్లాజం దాదాపు లేదు, న్యూక్లియస్‌లో సన్న రవ్వ చల్లినట్టు క్రొమాటిన్, ఇరుకు బస్సులో మనుషుల్లా ఒకదాని న్యూక్లియస్ ఇంకోదాని ఒంపులోకి ఒదిగిపోయి ఉన్నాయి, ఎటు చూసినా విభజన అవుతున్న కణాలే. గ్రంథి ఆకారం ఒక్కటి లేదు. స్మాల్ సెల్‌ని పట్టించే సినాప్టోఫైసిన్, ఐఎన్‌ఎస్‌ఎం1 రెండూ పాజిటివ్, ఎన్ని కణాలు విభజనలో ఉన్నాయో చెప్పే కీ-67 దాదాపు 90 శాతం. విభజనకి బ్రేకు వేసే ఆర్‌బీ ప్రోటీన్ కేన్సర్ కణాల్లో పూర్తిగా లేదు, పక్కనే ఉన్న మామూలు లింఫోసైట్లలో ఉంది కాబట్టి స్టెయిన్ తప్పు కాదు. స్మాల్ సెల్ కార్సినోమా. పొగ తాగేవాళ్ళకి వచ్చేదని పుస్తకాల్లో చదువుకున్న జబ్బు, ఒక్క బీడీ ముట్టుకోని మనిషిలో. కొత్త కేన్సర్ పుట్టిందా అంటే కాదు, అదే ఎక్సాన్ 19 డిలీషన్ ఈ ముక్కలోనూ అచ్చంగా ఉంది. అదే వంశం.

మన ఊళ్ళలో పగటివేషగాళ్ళు వచ్చేవాళ్ళు, పొద్దున ఒక వేషం సాయంత్రం ఒక వేషం, మనిషి మాత్రం ఒకడే. మొదట్లో నాకు ఈ పోలికే తట్టింది కానీ అది చాలదు. ఇక్కడ మారింది వేషం కాదు, వృత్తే మారింది. అడినోకార్సినోమాగా ఉన్నప్పుడు ఆ కణం బతుకు ఈజీఎఫ్‌ఆర్ సిగ్నల్ మీద ఆధారపడి ఉంది, మాత్ర దాన్ని మూస్తే కణం చచ్చేది. ఇప్పుడు మార్పు జీన్‌లో రాసే ఉంది కానీ ఆ సిగ్నల్‌తో దానికి పనే లేదు, ఎంత మంచి మాత్రైనా ఎవరూ వాడని తలుపుకి తాళం వేసినట్టే. ఇదీ ఈఎంటీ ఒకటి కాదు, రెండు దారులు వేరు. కానీ రెండింటి వెనకా ఉన్న గుణం ఒకటే, కణం తన రకాన్ని వదులుకోగలగడం. 2011లో బోస్టన్ మసాచుసెట్స్ జనరల్ వాళ్ళు ఈజీఎఫ్‌ఆర్ మందు పనిచేయడం మానేసిన 37 మందికి మళ్ళీ బయాప్సీ చేస్తే ఐదుగురిలో, అంటే 14 శాతంలో, స్మాల్ సెల్‌గా మారింది, ఇంకొందరిలో గట్టి ఈఎంటీ కనపడింది. ఒకే స్టడీలో, ఒకే మందు ఒత్తిడి కింద, రెండూ.

రిపోర్ట్ వెళ్ళాక నాకు నిద్ర పట్టక పాత బ్లాకులు తీయించాను. 2023 ఛాతీ పొర ముక్కకి ఈ-కాడెరిన్ వేయించాను. మధ్యలో తేనెపట్టు చెక్కుచెదరకుండా ఉంది. అంచుకి వస్తుంటే గీత పల్చబడి, తెగి, చుక్కలుగా మిగిలి, విడిపోయిన కణాల్లో అసలు లేదు, వాటిలో వైమెంటిన్ వచ్చింది. నేను చూసి ఊరుకున్న కణాలు అవే. ఆ కణాలే తర్వాత లివర్‌కి వెళ్ళి స్మాల్ సెల్ అయ్యాయని నేను చెప్పను, అలా చెప్పడానికి నా దగ్గర రుజువు లేదు, సినాప్టోఫైసిన్ ఆ ముక్కలో ఎక్కడా రాలేదు. కానీ 2021 నాటి మొట్టమొదటి బ్లాక్‌కి ఆర్‌బీ స్టెయిన్, అలాంటిదే ఇంకో కాపలా ప్రోటీన్ పీ53 స్టెయిన్ వేస్తే మాత్రం గుండె జారింది. రెండూ అప్పుడే దెబ్బతిని ఉన్నాయి. 2017లో కొరియా వాళ్ళు చెప్పింది ఇదే, ఆర్‌బీ, పీ53 రెండూ మొదటి రోజే పోయిన ఈజీఎఫ్‌ఆర్ అడినోకార్సినోమాల్లో ఈ మార్పు వచ్చే అవకాశం మిగతావాటికన్నా 43 రెట్లు. రెండు స్టెయిన్లు, పెద్ద ఖర్చు కూడా కాదు. మొదటి రోజు తెలిసినా మందు మారేది కాదు, జెఫిటినిబ్‌తోనే మొదలుపెట్టేవాళ్ళు, కానీ 2024 మేలో రక్తం టెస్టు కోసం, దాని రిజల్ట్ కోసం మూడు వారాలు కూర్చునేవాళ్ళం కాదు.

కార్బోప్లాటిన్, ఎటోపొసైడ్ జూన్ మొదటి వారంలో మొదలుపెట్టారు, స్మాల్ సెల్‌కి వాడే పాత జోడీయే, 21 రోజులకొకసారి. ఒసిమెర్టినిబ్ ఆపలేదు, ఊపిరితిత్తిలో ఉన్న అడినో కణాలు ఇంకా దానికి లొంగుతున్నాయి కాబట్టి. రెండు సైకిల్స్‌కి లివర్ మచ్చలు సగం కన్నా తగ్గాయి, డొక్కలో నొప్పి పోయింది, అన్నం తింటోందని అబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. ఇలాంటి పేషెంట్ల మీద వచ్చిన పెద్ద సిరీస్ 2019లోది, 67 మంది, అందులో ప్లాటినం-ఎటోపొసైడ్‌కి 54 శాతం మందిలో గడ్డ తగ్గింది, ఇమ్యునోథెరపీ ఇచ్చిన 17 మందిలో ఒక్కరికీ తగ్గలేదు. అందుకే కణం పేరు తెలియకుండా మందు మార్చడం గురించి నేను ఇంత గట్టిగా మాట్లాడేది. అదే సిరీస్‌లో మార్పు తర్వాత మీడియన్ ఆయుష్షు, అంటే సగం మంది దాటగలిగిన కాలం, 10.9 నెలలు. మా పేషెంట్‌కి నవంబర్‌లో మెదడులోకి వచ్చింది, రేడియేషన్ ఇచ్చారు, 2025 ఫిబ్రవరిలో చనిపోయింది. మార్పు తెలిసినప్పట్నుంచి తొమ్మిది నెలలు, అందులో ఐదు నెలలు ఇంట్లో, లేచి తిరుగుతూ.

పెద్దకర్మ అయ్యాక అబ్బాయి వచ్చాడు. మాకూ, మా చెల్లికీ వస్తుందా మేడమ్ అని అడగడానికి. ఈ డిలీషన్ గడ్డలో పుట్టింది, మీ అమ్మగారికి పుట్టుకతో ఉన్నది కాదు, మీకు వారసత్వంగా రాదు అని చెప్పాను. వెళ్తాడేమో అనుకుంటే వెళ్ళలేదు, ఒకసారి చూపిస్తారా అన్నాడు. పీజీలకి చూపించడానికి రెండు తలల మైక్రోస్కోప్ ఉంది మాకు, అవతలి వైపు కూర్చోబెట్టాను. మొదట 2021ది పెట్టాను, గుండ్రంగా కూర్చున్న గ్రంథులు. తర్వాత ఛాతీ పొర ఈ-కాడెరిన్ స్లైడ్ పెట్టి, గోధుమరంగు గీత తెగిపోయే చోటు దాకా మెల్లగా జరుపుతూ తీసుకెళ్ళాను. ఆఖరున లివర్‌ది.

చాలాసేపు చూశాడు. "ఇది కూడా అమ్మదేనా మేడమ్?" అన్నాడు.

అవును బాబూ అన్నాను. మొదటిది మళ్ళీ పెట్టమన్నాడు, పెట్టాను.